మన కంప్యూటర్ల కథ – 6: చర్లపల్లిలో పుట్టిన యంత్రాలు

గత భాగంలో మన కథ బొంబాయి దగ్గర ఆగింది. 1955లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఇంగ్లండు నుంచి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు తెప్పించిన హెచ్ఈసీ-2ఎం యంత్రాన్ని చూశాం. బొంబాయిలో రంగస్వామి నరసింహన్ బృందం సొంతంగా కట్టిన టిఫ్రాక్‌ను చూశాం. రెండు వేల ఏడు వందల వాక్యూం ట్యూబులు, 2048 పదాల జ్ఞాపకశక్తి. ఒక్కో పదానికి 40 బిట్లు, ఒక్కో బిట్‌కు ఒక ఫెర్రైట్ కడియం. అంటే 81,920 చిన్న కడియాల గుండా రాగి తీగలు దూర్చి అల్లిన జ్ఞాపకశక్తి అది. 1960లో పనిలోకి దిగిన ఆ యంత్రానికి 1962లో జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా నామకరణం జరిగింది.

ఈ రెండూ శాస్త్రవేత్తల కోసం వచ్చిన యంత్రాలు. ఒక ప్రయోగం తాలూకు అంకెలు ఇస్తే, గంటలో కావచ్చు, రాత్రంతా పట్టవచ్చు, జవాబు వస్తే చాలు. తరవాతి ముప్పై ఏళ్లలో దేశానికి వేరే రకం అవసరాలు వరసగా ఎదురయ్యాయి. వేలమంది ఉద్యోగులకు నెలాఖరున జీతాల బిల్లు తయారు కావాలి. అణు రియాక్టరులో వేడి హద్దు దాటిందేమో ప్రతి క్షణం చూస్తూ ఉండాలి. ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకూడదు. కరెంటు లేని ఊళ్లో ఓట్లు లెక్కకు రావాలి. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను ఎక్కడ తీరం దాటుతుందో అది దాటకముందే తెలియాలి. ఈ అయిదు పనులకూ కంప్యూటరే కావాలి. కానీ ఒక పనికి సరిపోయిన యంత్రం ఇంకో పనికి పనికిరాదు. మెయిన్‌ఫ్రేమ్, మినీ, మైక్రో, సూపర్ అంటూ కంప్యూటర్లను రకాలుగా విడదీసి పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. ఆ రకాలు ఎలా ఏర్పడ్డాయో తెలియాలంటే ఈ పనుల చరిత్ర తెలియాలి. అందులో మన తెలుగు నేలకు పెద్ద పాత్రే ఉంది.

హైదరాబాద్, కంప్యూటర్ అనగానే చాలామందికి 1998లో తలుపులు తెరిచిన సైబర్ టవర్స్ గుర్తుకొస్తుంది. అంతకు ముప్పై ఏళ్ల ముందే నగరానికి ఈశాన్య కొసన, చర్లపల్లి దగ్గర, కంప్యూటర్లను వాడటం కాదు, తయారుచేయడమే మొదలైంది. ఈ భాగం ముఖ్యంగా ఆ కథ.

నెలాఖరు యంత్రాలు

ముందు మెయిన్‌ఫ్రేమ్ సంగతి. 1961లో బొంబాయిలోని ఎస్సో చమురు కంపెనీ ఐబీఎం 1401 యంత్రాన్ని పెట్టుకుంది. మన దేశంలో వ్యాపార సంస్థ వాడిన తొలి కంప్యూటర్ అదే. అమెరికాలో 1959లో విడుదలైన 1401లో వాక్యూం ట్యూబుల బదులు ట్రాన్సిస్టర్లు ఉండేవి. దాని జ్ఞాపకశక్తి ఎంత పెంచినా పదహారు వేల అక్షరాలకు మించేది కాదు. ఇవాళ ఒక మామూలు ఫోటో ఆక్రమించే చోటులో వందో వంతు కూడా కాదది. దాని బలం వేరే చోట ఉంది. 80 నిలువు వరసల పంచ్ కార్డులను గబగబా చదివేది, టేపుల మీద రాసేది, నిమిషానికి ఆరు వందల వరసలు అచ్చు వేసేది.

పని జరిగే తీరు ఇలా ఉండేది. ఉద్యోగుల హాజరు, సెలవులు, అప్పుల కోతలు అన్నీ కార్డుల మీద చిల్లులుగా పొడిచేవారు. కట్టలు కట్టలుగా కార్డులు యంత్రంలో పెట్టేవారు. ఒక విభాగం జీతాలు పూర్తయ్యాక ఇంకో విభాగం, అదీ అయ్యాక గిడ్డంగి లెక్కలు. ఊరి రైసుమిల్లులో ఒకరి బస్తాలు ఆడించాకే రెండోవారి బస్తాలు తొట్టిలో పోసినట్టు, ఒక పని ముగిసేదాకా ఇంకో పని లోపలికి వెళ్లేది కాదు. దీన్నే బ్యాచ్ ప్రాసెసింగ్ అన్నారు. జీతం బిల్లు ఈ రాత్రి తేలినా రేపు పొద్దున తేలినా నష్టం లేదు గనక ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. పెద్ద కంపెనీలు, రైల్వేలు, బీమా సంస్థలు మెయిన్‌ఫ్రేమ్‌ల వైపు మళ్లడానికి కారణం అదే. లెక్కల శాఖలో వందల మంది గుమస్తాలు వారాల తరబడి చేసే పనిని అది ఒక్క రాత్రిలో తేల్చేది.

ఆ వేగమే భయాన్ని కూడా పుట్టించింది. 1960లలో కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు కంప్యూటర్ రాకకు వ్యతిరేకంగా గట్టి పోరాటం నడిపారు. ఉద్యోగాలు దొరకని దేశంలో ఒక యంత్రం వందమంది పని చేస్తుందంటే వాళ్లు బెంగపడటంలో అన్యాయం ఏమీ లేదు. ఆ పోరాటం ప్రభుత్వాన్ని కూడా ఆలోచనలో పడేసింది. బ్యాంకుల్లో కంప్యూటర్లు నిలదొక్కుకోవడానికి యాజమాన్యాలకూ సంఘాలకూ మధ్య 1983లో ఒప్పందం కుదిరేదాకా ఆగవలసి వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశంలోకి వచ్చిన 1401లలో చాలావరకు ఇతర దేశాల్లో వాడి వదిలేసినవే. ఐబీఎం వాటిని ఇక్కడ బాగుచేసి అద్దెకు ఇచ్చేది. యంత్రం వాళ్లదే, మరమ్మతు వాళ్లదే, విడిభాగం వాళ్ల దగ్గరే దొరకాలి. మన ఇంజనీర్లకు దాని లోపలి సంగతి చేతికి చిక్కే వీలు తక్కువ. ఈ పరాధీనత అణుశక్తి శాఖలో కొందరిని కలచివేసింది.

మోగల్లు నుంచి చర్లపల్లికి

వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు అయ్యగారి సాంబశివరావు. అందరూ ఏఎస్ రావు అంటారు. పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, తరవాత అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివారు. తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. ఆసియాలోనే తొలి అణు రియాక్టర్లలో ఒకటైన అప్సర 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టినప్పుడు, దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థను తయారుచేసింది ఆయన నాయకత్వంలోని విభాగమే.

1962లో చైనాతో జరిగిన యుద్ధం మన ఎలక్ట్రానిక్స్ ఎంత వెనకబడి ఉందో బయటపెట్టింది. మరుసటి ఏడాది భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే తయారుచేసుకోవాలని ఆ సంఘం నివేదిక చెప్పింది. నివేదిక వచ్చిన 1966లోనే, జనవరి 24న, భాభా విమాన ప్రమాదంలో మరణించారు. ఆయన వెయ్యాలనుకున్న అడుగును ఆయన శిష్యులు వేశారు. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనం ఈసీఐఎల్ అని పిలుచుకునే సంస్థ, ఏర్పడింది. దాన్ని నిలబెట్టినవారు ఏఎస్ రావు. నగరంలో ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీద వెలిసిందే. ఈసీఐఎల్ చౌరస్తా బస్సు ఎక్కే లక్షల మందిలో ఆ పేరు వెనక ఉన్న కథ తెలిసినవారు తక్కువ.

ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న కంప్యూటర్‌ను హైదరాబాద్‌లో తయారుచేసి అమ్మడం ఈ సంస్థ పనుల్లో ఒకటి. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ కాబట్టి దానికి టీడీసీ-12 అని పేరు. పన్నెండు బిట్ల పదంతో పనిచేసే ఈ యంత్రం 1969లో బయటికొచ్చింది. మన దేశంలో తయారై, ధర కట్టి అమ్మిన తొలి డిజిటల్ కంప్యూటర్ల శ్రేణి దీనితోనే మొదలైంది.

టీడీసీ-12ను మినీ కంప్యూటర్ అంటారు. 1401తో పోలిస్తే పరిమాణంలో చిన్నదే, ధరలోనూ చిన్నదే. కానీ అసలు తేడా పనిలో ఉంది. రియాక్టరులో వందల చోట్ల ఉష్ణోగ్రత, పీడనం, న్యూట్రాన్ల ఉధృతి కొలిచే సాధనాలు ఉంటాయి. వాటిని యంత్రం ఒకదాని తరవాత ఒకటి చుట్టబెట్టి చూస్తూ ఉండాలి. ఎక్కడైనా హద్దు దాటితే చేస్తున్న పనిని అక్కడే ఆపి, ముందు ఆ ప్రమాదం సంగతి చూడాలి. రేపు పొద్దున్నే చెబుతానంటే కుదరదు, క్షణంలో కొంత భాగంలో స్పందించాలి. ఈ తీరును రియల్ టైమ్ అంటారు. కార్డుల కట్టల కోసం పుట్టిన మెయిన్‌ఫ్రేమ్‌కు ఈ స్వభావం లేదు. బయటి నుంచి వచ్చే సంకేతానికి వెంటనే చెవి ఒగ్గేలా మినీని మొదటి నుంచీ అలాగే రూపొందించారు. రియాక్టరు నియంత్రణ, టెలిమెట్రీ, ప్రయోగశాల పరికరాలు, రక్షణ రాడార్లు, అన్నీ దీని పరిధిలోకే వస్తాయి.

తరవాత టీడీసీ-312, 1975 ప్రాంతంలో పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి. ఆపరేటింగ్ సిస్టం, కంపైలర్ల వంటి ఆధార సాఫ్ట్‌వేర్ కూడా మనవాళ్లే రాసుకున్నారు. 1970లలో ఈసీఐఎల్ అమ్మినవి వందకు కాస్త తక్కువ. వాటిలో చాలావరకు ప్రభుత్వ ప్రయోగశాలలకూ విశ్వవిద్యాలయాలకూ వెళ్లాయి.

వంద అంటే తక్కువే. విమర్శలూ వచ్చాయి. మ్యాగ్నెటిక్ టేపులు, డిస్కులు, చిప్పులు బయటినుంచి రావలసిందే. వాటికి విదేశీ మారకం దొరకాలి, అనుమతులు రావాలి. ఆ అనుమతుల చుట్టూ కాగితాలు తిరిగేలోగా అమెరికాలో కొత్త తరం యంత్రం బజారులోకి వచ్చేది. బయట తక్కువ ధరకు దొరికే మినీలను కాదని ఇక్కడి యంత్రాన్నే కొనమనడం న్యాయమేనా అని అప్పట్లో శాస్త్రవేత్తలే అడిగారు. ధర, వేగం మాత్రమే కొలతలైతే ఆ ప్రశ్నకు ఈసీఐఎల్ దగ్గర గట్టి జవాబు లేదు. కానీ ఒక కంప్యూటర్‌ను బోర్డు స్థాయి నుంచి రూపొందించి, కర్మాగారంలో పేర్చి, పరీక్షించి, దానికి సాఫ్ట్‌వేర్ రాసి, కొన్నవాడి దగ్గరికి వెళ్లి బాగుచేయగల మనుషులు ఒక తరం నిండా తయారయ్యారు. అద్దె యంత్రాల పక్కన కూర్చుంటే అది నేర్చుకోవడం సాధ్యమయ్యేది కాదు.

ఐబీఎం వెళ్లిన తరవాత

1973లో వచ్చిన విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి శాఖల్లో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. ఐబీఎం ఒప్పుకోలేదు. 1978లో దేశం వదిలి వెళ్లింది. దేశమంతటా ఉన్న ఐబీఎం యంత్రాలను ఎవరు చూసుకోవాలన్నది పెద్ద ప్రశ్న. ఆ బాధ్యత ప్రభుత్వం అప్పటికే నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, మీద పడింది. ఐబీఎం దేశంలో లేకపోయినా ఆ యంత్రాలు నడవగలవని సీఎంసీ నిరూపించింది. రకరకాల కంపెనీల యంత్రాలు విప్పి బాగుచేసిన ఆ అనుభవంతోనే సీఎంసీ తరవాత పెద్ద వ్యవస్థలు కట్టే సంస్థగా ఎదిగింది. దాని పరిశోధన కేంద్రం ఒకటి సికింద్రాబాద్‌లో ఉండేది.

అదే సమయంలో మినీల తయారీకి ప్రైవేటు కంపెనీలకు కూడా దారి తెరిచారు. 1971లో అమెరికాలో ఇంటెల్ తెచ్చిన మైక్రోప్రాసెసర్ ఆ దారిని సులువు చేసింది. కంప్యూటర్ మెదడంతా ఒక చిప్పులో ఇమిడిపోయింది. దాన్ని కొని చుట్టూ యంత్రం కట్టుకోవచ్చు. ఢిల్లీలో హెచ్‌సీఎల్, బెంగళూరులో విప్రో ఆ బాటలోనే నడిచాయి. ఈసీఐఎల్ కూడా మైక్రో-78 అనే యంత్రాన్ని తెచ్చింది. 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతుల మీద ఆంక్షలు సడలించాక మైక్రో కంప్యూటర్ మామూలు ఆఫీసు బల్ల మీదికి చేరింది. టైపు కొట్టడం, చిన్న లెక్కలు వేయడం, విద్యార్థి ప్రోగ్రాం రాయడం దాని పనులు. ఒక మనిషి, ఒక యంత్రం అన్నది దాని ధర్మం. మన ఇళ్లలోకి వచ్చిన పీసీ, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోను ఆ వంశంలోనివే.

ఒక బెర్తు, వంద కౌంటర్లు

రైలు ప్రయాణానికి బెర్తు దొరకబుచ్చుకోవడం 1980ల దాకా ఎంత కష్టమో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో రైలుకూ ఒక్కో తేదీకీ ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరు ఏ కౌంటరులో ఉంటే ఆ రైలు టిక్కెట్టు అక్కడే ఇస్తారు. ఒక క్యూలో గంటసేపు నిలబడి, బెర్తులు అయిపోయాయని తెలుసుకుని, ఇంకో రైలు కోసం ఇంకో క్యూ చివరికి వెళ్లాలి. తిరుగు ప్రయాణం బెర్తు కోసం ఆ ఊరికి తంతి పంపి జవాబు కోసం ఎదురుచూడాలి.

ఈ పని జీతాల బిల్లు లాంటిది కాదు, రియాక్టరు లాంటిదీ కాదు. ఇక్కడ ఒకే సమాచారాన్ని వందలమంది గుమస్తాలు ఒకేసారి చూస్తారు, ఒకేసారి మారుస్తారు. ఒక కౌంటరులో 32వ నంబరు బెర్తు ఖాళీగా కనిపించి గుమస్తా ప్రయాణికుడి పేరు టైపు చేస్తుండగా, పక్క కౌంటరులో గుమస్తాకూ అదే బెర్తు ఖాళీగా కనిపిస్తే గొడవ ఖాయం. అందుకని ఒకరు బెర్తు మీద చెయ్యి వేయగానే ఆ బెర్తు మిగిలినవారికి అందకుండా తాళం పడాలి. టిక్కెట్టు అచ్చయితే ఖాతాలో స్థిరపడాలి, మధ్యలో కరెంటు పోతే తాళం విడిపోయి బెర్తు మళ్లీ ఖాళీ కావాలి. సగం అమ్మిన బెర్తు అన్నది ఉండకూడదు. దీన్నే ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ అంటారు. బ్యాంకు ఏటీఎం నుంచి ఇవాళ్టి ఫోను చెల్లింపుల దాకా ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

భారతీయ రైల్వే కోసం ఈ వ్యవస్థను సీఎంసీ తయారుచేసింది. దానికి ఇంప్రెస్ అని పేరు. అమెరికాలోని డిజిటల్ కంపెనీ వ్యాక్స్ యంత్రాల మీద, ఫోర్ట్రాన్ భాషలో రాసిన ప్రోగ్రాంతో 1985లో ఢిల్లీలో మొదలైంది. ఏ కౌంటరులోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇవ్వవచ్చన్నది అప్పటి ప్రయాణికులకు కళ్లతో చూస్తే గాని నమ్మలేని సంగతి. బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కూడా కొన్నేళ్లలో ఆ వరసలో చేరాయి.

కానీ ఢిల్లీ యంత్రానికి సికింద్రాబాద్ యంత్రం సంగతి తెలియదు. వాటిని కలపడం కోసం రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, కొత్త ప్రోగ్రాం రాసింది. దాని పేరు కాన్సర్ట్. 1994 సెప్టెంబరులో అది తొలిసారి పనిలోకి దిగిన చోటు సికింద్రాబాద్. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. సికింద్రాబాద్‌లో కూర్చుని హౌరా నుంచి బయలుదేరే రైలుకు బెర్తు తీసుకోవడం అప్పటినుంచే సాధ్యమైంది. 2002లో టిక్కెట్టు ఇంటర్నెట్‌లోకి ఎక్కడానికి పునాది ఈ కలయికే.

ఒకే పని తెలిసిన యంత్రం

ఇప్పటిదాకా చెప్పుకున్న యంత్రాలకు ప్రోగ్రాం మార్చితే పని మారుతుంది. అదే వాటి గొప్ప. ఒక పని మాత్రం ఆ గుణాన్నే వద్దంది. ఓటింగు యంత్రంలో ప్రోగ్రాం మార్చే వీలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

బ్యాలెట్ పత్రాలు లక్షల సంఖ్యలో అచ్చువేయడం, బూత్‌ను ఆక్రమించి ముద్రలు గుద్దుకోవడం, చెల్లని ఓట్ల మీద తగాదాలు, రోజుల తరబడి లెక్కింపు. ఇవన్నీ 1970లలో ఎన్నికల సంఘాన్ని వేధించాయి. 1977లో సంఘం ఈసీఐఎల్‌ను ఒక ఎలక్ట్రానిక్ యంత్రం తయారుచేయమని కోరింది. 1979 నాటికి నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టులో రాజకీయ పార్టీలకు చూపించారు. తరవాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో కలిసింది.

ఈవీఎంలో ప్రిసైడింగ్ ఆఫీసరు దగ్గర ఉండే కంట్రోల్ యూనిట్, ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్ అని రెండు భాగాలు ఉంటాయి. మధ్యలో ఒక తీగ. లోపలి చిప్పులో ప్రోగ్రాం తయారీ సమయంలోనే శాశ్వతంగా ముద్రపడి ఉంటుంది. నెట్‌వర్కు లేదు, కరెంటు తీగ అక్కర్లేదు, బ్యాటరీతో నడుస్తుంది. ఆఫీసరు మీట నొక్కి అనుమతి ఇస్తే ఒక్క ఓటే పడుతుంది. నిమిషానికి అయిదుకు మించి ఓట్లు తీసుకోదు. అంటే బూత్‌ను ఆక్రమించినవాడు సైతం కట్టలకు కట్టలు ముద్రలు గుద్దుకున్నట్టు గబగబా నొక్కలేడు. ఒక పనికోసమే పుట్టి, ఆ పనిలోనే పాతుకుపోయిన ఇలాంటి యంత్రాలను ఎంబెడెడ్ వ్యవస్థలు అంటారు. బట్టలుతికే యంత్రంలో, కారు ఇంజనులో, ఇంటి కరెంటు మీటరులో ఉన్నవి ఈ జాతివే. సంఖ్యలో చూస్తే ప్రపంచంలో ఎక్కువగా ఉన్న కంప్యూటర్లు ఇవే.

యంత్రం సిద్ధమైనా చట్టం సిద్ధం కాలేదు. 1982 మేలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో ఈవీఎంలు వాడారు. 123 ఓట్ల తేడాతో ఓడిన అభ్యర్థి కోర్టుకు వెళ్లారు. చట్టంలో బ్యాలెట్ అని మాత్రమే ఉంది గనక యంత్రంతో జరిపిన పోలింగ్ చెల్లదని సుప్రీంకోర్టు 1984లో తీర్పిచ్చింది. ఆ 50 కేంద్రాల్లో మళ్లీ పోలింగ్ జరిగితే ఫలితమే తారుమారైంది. 1988 డిసెంబరులో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. 1998లో రెండు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ కలిపి 16 శాసనసభ స్థానాల్లో వాడి చూశారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని నియోజకవర్గాల్లోనూ పది లక్షలకు పైగా యంత్రాలు పనిచేశాయి. నమూనా పుట్టిన నాటి నుంచి దేశమంతా వాడిన నాటికి పాతికేళ్లు పట్టింది. ప్రజాస్వామ్యంలో ఒక యంత్రం మీద నమ్మకం కుదరాలంటే సాంకేతిక పరీక్ష ఒక్కటే చాలదు. ప్రశ్నలు అడగాలి, కోర్టు చూడాలి, చట్టం ఒప్పుకోవాలి. ఆ వరసలోనే 2013 నుంచి ఓటరు కళ్లముందు చీటీ చూపించే వీవీప్యాట్ కూడా వచ్చి చేరింది. ఆ ఆలస్యం వ్యర్థం కాదని నా అభిప్రాయం.

తుపాను కంటే ముందు

1977 నవంబరు 19. కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. గాలి ఎటు తిరుగుతుందో, సముద్రం ఎక్కడ పొంగుతుందో ముందుగా నికరంగా చెప్పగల వ్యవస్థ అప్పుడు మనకు లేదు.

వాతావరణాన్ని ముందే చెప్పడం నిజానికి ఒక పెద్ద లెక్క. భూమి చుట్టూ ఉన్న గాలినంతా గళ్లుగా విడగొడతారు. ప్రతి గడికీ వేడి, పీడనం, తేమ, గాలివేగం తెలియాలి. వాటినుంచి కొన్ని నిమిషాల తరవాత పరిస్థితి ఏమిటో కట్టాలి, దానినుంచి ఇంకొన్ని నిమిషాల తరవాతది. అలా మూడు రోజుల ముందుకు వెళ్లాలంటే కోటానుకోట్ల కూడికలు, గుణకారాలు. ఆ లెక్క నాలుగో రోజున తేలితే ఎవరికీ ఉపయోగం లేదు. ఒకే లెక్కను, అదీ అతి పెద్ద లెక్కను, గడువులోపల తేల్చే యంత్రమే సూపర్ కంప్యూటర్.

1980లలో భారత్ అమెరికాను క్రే కంపెనీ యంత్రం అడిగింది. అణ్వస్త్రాలకు వాడతారేమోనన్న అనుమానంతో అమెరికా అడిగిన స్థాయి కంటే తక్కువదైన క్రే ఎక్స్-ఎంపీ/14ను, వాతావరణానికే వాడాలన్న షరతుతో ఇచ్చింది. ఆ అనుభవం తరవాత, సొంత సూపర్ కంప్యూటర్ కట్టుకోవడానికి 1988లో పుణెలో సీ-డాక్ సంస్థ ఏర్పడింది. విజయ్ భాట్కర్ నాయకత్వంలో మూడేళ్ల గడువు, 30 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఒక మహావేగ ప్రాసెసర్ కోసం వెతకకుండా, బజారులో దొరికే చిన్న ప్రాసెసర్లను పదుల సంఖ్యలో కలిపి లెక్కను పంచడం వాళ్లు ఎంచుకున్న దారి. 1991లో వచ్చిన పరమ్ 8000లో 64 ట్రాన్స్‌ప్యూటర్ చిప్పులు కలిసి పనిచేశాయి. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోని రక్షణ ప్రయోగశాల అనురాగ్ కూడా క్షిపణుల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడానికి పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను కట్టింది. బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల అంతకుముందే ఫ్లోసాల్వర్‌ను తయారుచేసింది. ఇవాళ ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లన్నీ ఈ పంపకం సూత్రం మీదే నడుస్తున్నాయి.

2024 సెప్టెంబరులో వాతావరణ పరిశోధన కోసం పుణెలో అర్క, నోయిడాలో అరుణిక యంత్రాలు ప్రారంభమయ్యాయి. అంతకు పదేళ్ల ముందే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకడానికి రోజుల ముందే దాని దారి తెలిసింది, లక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అందులో ఉపగ్రహాలకూ రాడార్లకూ రెవెన్యూ సిబ్బందికీ పాలు ఉంది. గడువులోపల లెక్క తేల్చిన యంత్రానికీ పాలు ఉంది. దివిసీమను చూసిన జిల్లాలకు ఆ విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఈ చరిత్ర చెప్పేది

అయిదు పనులు, అయిదు రకాల యంత్రాలు. పెద్దది గొప్పదనీ చిన్నది తక్కువదనీ ఇందులో లేదు. సూపర్ కంప్యూటర్ రైలు టిక్కెట్లు అమ్మలేదు, ఈవీఎం తుపానును లెక్కగట్టలేదు. పని స్వభావం తెలిసినవాడే సరైన యంత్రాన్ని ఎంచుకోగలడు, తయారుచేయగలడు. టీడీసీ-12 వేగంలో ఓడిపోయి ఉండవచ్చు. కానీ పనిని చూసి యంత్రాన్ని కట్టడం మన దేశం నేర్చుకున్న బడుల్లో చర్లపల్లి ముఖ్యమైనది. తెలుగువారి కంప్యూటర్ చరిత్రకు తొలి అధ్యాయంగా సాఫ్ట్‌వేర్ ఎగుమతులను రాయడం ఆ బడికి అన్యాయం.

ఒక విన్నపం. ఆ తరం ఇంజనీర్లు, టెక్నీషియన్లు, బోర్డులు పేర్చిన మహిళా కార్మికులు, పంచ్ ఆపరేటర్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే వాళ్ల జ్ఞాపకాలు రాయించండి, లేదా ఫోనులో రికార్డు చేయండి. పాత మాన్యువళ్లు, సర్క్యూట్ పటాలు, శిక్షణ నోట్సు, కర్మాగారం ఫోటోలు పాత కాగితాలవాడికి వేయకండి. దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో మ్యూజియానికో ఇవ్వండి. ఈ చరిత్రకు మిగలవలసిన ఆధారాలు చాలావరకు ఇప్పుడు మీ బీరువాల్లోనే ఉన్నాయి.

(వచ్చే భాగం: టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లోకి కంప్యూటర్ వచ్చిన కథ)